కాలి ఆర్థోసిస్‌ను వాడేవారితో కలిసి రూపొందించుకునే విధానం

పక్షవాతం తరవాత పాదం కిందికి వేలాడే వారికి వైద్యులు తరచుగా సూచించేది, అరికాలి నుంచి పిక్క దాకా వచ్చే పాలీప్రొపిలీన్ (ఒక రకం గట్టి ప్లాస్టిక్) ఆర్థోసిస్, అంటే కాలికి బయటి నుంచి ఊతమిచ్చే సాధనం. చాలామంది దానిని కాలిపర్ అనే అంటారు. విజయవాడలో గాని గుంటూరులో గాని కొలతలు ఇవ్వడానికి వెళ్లే ముందే, దానిని వాడబోయే వ్యక్తి ఒక రోజులో ఎక్కడెక్కడ కూర్చుంటారో, ఎన్ని మెట్లు ఎక్కుతారో, ఎక్కడ చెప్పులు విప్పుతారో రాసి ఆ కాగితాన్ని ఆర్థోటిస్టుకు, అంటే ఆ సాధనాన్ని తయారుచేసే నిపుణుడికి చూపాలి. భారత పునరావాస మండలిలో ఆయనకు నమోదు ఉందో లేదో అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

చెప్పుల సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గాని అసలు చిక్కు అక్కడే ఉంది. ఈ ఆర్థోసిస్‌ను బూటులో వేసుకుని నడవడానికి తయారుచేస్తారు. ఆ బూటు మడమ ఎత్తును బట్టే పిక్క ఎంత ముందుకు వాలాలో సరిచూస్తారు. మనమేమో గడప దగ్గరే బూట్లు విప్పేస్తాము, ఇంద్రకీలాద్రిపై దర్శనానికి వెళ్లినా అంతే. అప్పుడు పిక్క వెనక్కి వాలి మోకాలిని వెనక్కి నెట్టడమే కాక, నున్నటి ప్లాస్టిక్ అడుగు టైల్స్ మీద జారుతుంది. అందుచేత అడుగున రబ్బరు అతికించాలా, ఇంట్లో తిరగడానికి వేరే జత బూట్లు ఉంచుకోవాలా అన్నది కాలి అచ్చు తీయకముందే తేల్చుకోవాలి. చీలమండ కదలని రకంతో ఇండియన్ టాయిలెట్ వాడటం కష్టం కనుక కీలు ఉన్న రకం గురించి అడగవచ్చు. అయితే కండరాల బిగుతు ఎక్కువగా ఉంటే అది పనికిరాకపోవచ్చు, ఆ నిర్ణయం కాలిని పరీక్షించిన వారికే వదలాలి.

ప్లాస్టర్‌తో అచ్చు తీసే రోజున నొప్పి పుట్టే చోట్లను వాడేవారే వేలితో చూపించాలి. మోకాలికి కాస్త దిగువన బయటివైపు ఎముక పక్కగా నరం వెళుతుంది కాబట్టి అక్కడ ఒత్తిడి పడకూడదు.

పక్షవాతంలో చాలాసార్లు అదే వైపు చెయ్యి కూడా పడిపోతుంది. కాబట్టి తయారైన ఆర్థోసిస్‌ను వేసి చూసే ట్రయల్ రోజున ఇంట్లోవాళ్లు సాయం పట్టకుండా, ఆ వ్యక్తి ఒంటిచేత్తో వెల్క్రో పట్టీ బిగించుకోగలరో లేదో ఆర్థోటిస్టు ఎదుటే చూడాలి. కుదరకపోతే రింగులోంచి తీసి వెనక్కి లాగే పట్టీ పెట్టించుకోవాలి.

మొదట ముడతలు లేని నూలు మేజోడు మీద గంటసేపే వేసుకుని, తరవాత రెండూ విప్పి చర్మాన్ని పరిశీలించాలి. మన మే నెల ఉక్కలో ఈ జాగ్రత్త మరీ అవసరం. ఎర్రబడిన చోటు అరగంటలో మామూలు కాకపోతే మళ్లీ వేసుకోకుండా, ఆ చోట పెన్నుతో గుర్తు పెట్టి, ఆర్థోసిస్‌ను తీసుకుని ఆర్థోటిస్టు దగ్గరికి వెళ్లాలి. మధుమేహం వల్ల స్పర్శ తగ్గినవారికి నొప్పి తెలియదు గనుక ఈ పరిశీలన ఇంట్లోవాళ్లు చేయాలి.