పజిల్ గేమ్ స్టోర్‌లో కనిపిస్తోంది, ఎవరూ నొక్కడం లేదు: లోపం ఎక్కడుందో పట్టుకోండి

ఈ సమస్యతో ఎవరు వచ్చినా ముందు ఒకటే అడుగుతాను: మీ ఐకాన్‌ని ఫోన్‌లో, వేరే గేముల మధ్యలో పెట్టి చూశారా? చాలామంది చూసి ఉండరు. పెద్ద మానిటర్ మీద, ఖాళీ కాన్వాస్ మధ్యలో, 512 × 512 సైజులో చూసి బాగుందనుకుంటారు. ఆడేవాళ్లకు అది బొటనవేలి గోరంతే కనిపిస్తుంది, చుట్టూ అలాంటివే ఇంకో పది ఉంటాయి.

కాబట్టి కింద ఏదీ చదవకముందే ఈ పని చేయండి. ప్లే స్టోర్‌లో "బ్లాక్ పజిల్" అనో "మ్యాచ్ త్రీ" అనో వెతికి, వచ్చిన పేజీని స్క్రీన్‌షాట్ తీయండి. అందులో ఒక ఐకాన్ మీద మీది అదే సైజుకి తగ్గించి అతికించండి. ఫోన్‌కి పంపుకుని చేయి చాచి చూడండి. ఐదు నిమిషాలు కూడా పట్టదు. సగం లోపాలు ఇక్కడే బయటపడతాయి.

సమస్య: జాబితాలో కనిపిస్తోంది, నొక్కడం లేదు

ఇది ఐకాన్ లోపం. మామూలు కారణం, అందులో ఎక్కువ వస్తువులు పెట్టడం. బోర్డు మొత్తం, గేమ్ పేరు, నవ్వే బొమ్మ, నక్షత్రాలు అన్నీ ఒకే చదరంలో ఇరికిస్తారు. పేరు పక్కనే అక్షరాల్లో ఉంటుంది, ఐకాన్‌లో అక్కర్లేదు. ఒక్క ముక్కనో, ఒక్క ముఖాన్నో తీసుకుని చదరం నిండా పెద్దగా వేయండి.

అలా వేశాక కూడా ఫలితం లేకపోతే అసలు దొంగ వేరే ఉన్నాడు. వాడు నన్ను చాలా కాలం ఏడిపించాడు.

మణులు కలిపే గేమ్ ఒకదానికి ఐకాన్ వేశాను. ఆకుపచ్చ నేల మీద ఒకే ఒక్క పెద్ద ఎర్రమణి. ఎరుపు, ఆకుపచ్చ ఎదురెదురు రంగులు కదా, ఇంతకంటే తేడా ఏం కావాలి అనుకున్నాను. విడుదలయ్యాక కదలిక లేదు. ప్లే కన్సోల్‌లో, అంటే గేమ్ చేసేవాళ్లకు గూగుల్ ఇచ్చే సైట్‌లో, స్టోర్ లిస్టింగ్ ఎక్స్‌పెరిమెంట్ పెట్టాం. స్టోర్‌లోని గేమ్ పేజీని (లిస్టింగ్) కొందరికి ఒక బొమ్మతో, కొందరికి ఇంకో బొమ్మతో చూపించి ఏది నెగ్గుతుందో చూసే పరీక్ష అది. అందులో ఉన్నదానికి పోటీగా మూడు రకాల దాకా పెట్టుకోవచ్చు. మణిని గులాబీ చేశాం, నేలను నీలం చేశాం, మళ్లీ రెండూ కలిపి మార్చాం. వారాలు గడిచినా ఏదీ పాతదాన్ని దాటలేదు. టీమ్‌లో అందరికీ టెన్షన్. అసలు గేమే బాగాలేదేమో అన్న మాట కూడా వచ్చింది.

ఒకరోజు రాత్రి పడుకునే ముందు మా అక్కకి గేమ్ చూపిద్దామని ఆమె ఫోన్‌లోనే స్టోర్ తెరిచాను. బెడ్‌టైమ్ మోడ్ పడి తెరంతా నలుపు తెలుపుగా ఉంది. వరసలో మిగతా గేములు గుర్తుపట్టగలుగుతున్నాం. మాది ఉన్న చోట మాత్రం ఒక బూడిదరంగు చదరం. "ఇందులో మీదేదిరా?" అంది అక్క. మణి అంచు ఎక్కడుందో, దాన్ని గీసిన నాకే తెలియలేదు.

చిన్న బొమ్మలో ఆకారం మన కంటికి ముందు దొరికేది రంగు వల్ల కాదు, ముదురు లేత తేడా వల్ల. నా ఎరుపు, ఆకుపచ్చ రెండూ ఒకే ముదురు. తెర మీద ప్రతి రంగుకీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు విలువలుంటాయి, ఒక్కోటి 0 నుంచి 255 దాకా. లెక్క వేసి చూడండి: ఎరుపు విలువను 0.30తో, ఆకుపచ్చ విలువను 0.59తో, నీలం విలువను 0.11తో హెచ్చవేసి కలిపితే ఆ రంగు ఎంత వెలుగో 255కి వస్తుంది. నా మణి ఎరుపు 229, 57, 53. అంటే 108. నేల ఆకుపచ్చ 67, 160, 71. అంటే 122. మార్చి పెట్టిన గులాబీ 236, 64, 122 కూడా 122 దగ్గరే ఆగింది. నీలం 30, 136, 229 వేస్తే 114. ఇన్ని వారాలు మేం మార్చింది రంగు పేరు మాత్రమే. ఎరుపు ఆకుపచ్చ తేడా సరిగా కనబడని వాళ్లకైతే అది మొదటి నుంచీ ఖాళీ చదరమే.

ఇక్కడ ఇంకో ఉచ్చు ఉంది, జాగ్రత్త. "నేను నలుపు తెలుపు చేసి చూశాను, బాగానే ఉంది" అనేవాళ్లలో చాలామంది ఫొటోషాప్‌లో రంగు తీసేసే డీశాచురేట్ నొక్కి ఉంటారు. అది కన్ను చూసే వెలుగుని లెక్కలోకి తీసుకోదు. మూడు విలువల్లో పెద్దదాన్నీ చిన్నదాన్నీ కలిపి సగం చేస్తుంది. దాని ప్రకారం నిండు పసుపు, నిండు నీలం రెండూ ఒకే బూడిద! అంటే బాగున్న ఐకాన్‌ని బాగాలేదంటుంది, బాగాలేనిదాన్ని బాగుందంటుంది. దాని బదులు అన్నిటికీ పైన ఒక నల్ల లేయర్ వేసి బ్లెండ్ మోడ్ (కింది లేయర్‌తో కలిసే పద్ధతి) "కలర్" పెట్టండి. ఫొటోషాప్ బదులు ఉచితంగా దొరికే గింప్ వాడేవాళ్లు డీశాచురేట్‌లో "లూమినెన్స్" ఎంచుకోండి. ఇవేవీ వద్దనుకుంటే ఫోన్‌లో బెడ్‌టైమ్ మోడ్ వేసి, మొదట అతికించిన ఆ స్క్రీన్‌షాట్‌ని మళ్లీ చూడండి. నేను ఇప్పటికీ అలాగే చూస్తాను.

పరిష్కారం తేలికే. ముక్కనో నేలనో, ఒకదాన్ని బాగా దూరం జరపండి. నేను మణిని ముట్టుకోలేదు, నేలను 255, 236, 179 మీగడ రంగు చేశాను. దాని వెలుగు 235, మణిది 108. తర్వాతి ఎక్స్‌పెరిమెంట్‌లో మొదటిసారి కొత్తది పాతదాన్ని దాటింది. తేడా 80 కన్నా తక్కువ వస్తే నేను ఆ రంగుల జత వాడను. ఇది నా చేతి లెక్క, రూలు కాదు.

రంగులు మార్చడం ఇష్టంలేక చుట్టూ తెల్ల అంచు గీసి సరిపెట్టేవాళ్లున్నారు. 512లో 8 పిక్సెళ్ల గీత, 64కి తగ్గాక ఒక్క పిక్సెల్. అది నిలబడదు.

సమస్య: పేజీకి వస్తున్నారు, ఇన్‌స్టాల్ చేయడం లేదు

స్క్రీన్‌షాట్లు చూడండి. మొదటిది గేమ్ పేరున్న తెర, రెండోది లెవెల్ మ్యాప్, మూడోది రోజువారీ బహుమతి. ఆట ఎక్కడా లేదు! యాప్ స్టోర్‌లో వీడియో లేకపోతే వెతికినప్పుడు కనిపించేవి ఈ మొదటి నిలువు స్క్రీన్‌షాట్లే. మొదటి దాంట్లో బోర్డు ఉండాలి, అదీ ఆట మధ్యలో, ఇంకొక్క ముక్క జరిపితే వరస నిండుతుంది అన్న క్షణంలో. చూసేవాళ్ల వేలు తనంతట తాను అటు కదలాలి. ప్లే స్టోర్ సిఫారసుల్లో రావాలంటే 1080 × 1920 నిలువు స్క్రీన్‌షాట్లు కనీసం మూడు పెట్టండి, అడ్డం గేమ్ అయితే 1920 × 1080.

తెలుగు లిస్టింగ్‌కి స్క్రీన్‌షాట్ల పైన వాక్యం తెలుగులో రాస్తుంటే ఒక్కమాట. లావు ఫాంట్‌కి మళ్లీ లావు అంచు వేయకండి, వత్తులు పూడుకుపోతాయి. ఫొటోషాప్‌లో వత్తులు విడిపోతుంటే పేరాగ్రాఫ్ సెట్టింగ్‌లో వరల్డ్-రెడీ లేఅవుట్ పెట్టండి. "స్ట్రాబెర్రీ" అన్న మాట సరిగా కనిపిస్తే మిగతావన్నీ కనిపిస్తాయి.

సమస్య: ఇన్‌స్టాల్ చేసి వెంటనే తీసేస్తున్నారు

బొమ్మలో ఒక ఆట, లోపల ఇంకో ఆట. 2020లో బ్రిటన్ ప్రకటనల నియంత్రణ సంస్థ హోమ్‌స్కేప్స్, గార్డెన్‌స్కేప్స్ అనే పజిల్ గేముల ప్రకటనలను తప్పుబట్టింది ఇందుకే. ప్రకటనలో పిన్నులు లాగే ఆట, లోపల ఎక్కువగా ముక్కలు కలిపే ఆట. మొదటి పది లెవెల్స్‌లో కనిపించనిదేదీ స్టోర్ బొమ్మల్లో పెట్టకండి.

అరుదుగా వచ్చేవి

ఐకాన్ మూలల్లో తెల్లగా ఏదో కనిపిస్తోందంటే మీరే మూలలు గుండ్రం చేసి పెట్టారన్నమాట. గూగుల్ ఆ పని తనే చేస్తుంది, నీడ కూడా తనే వేస్తుంది. నిండు చదరం ఇవ్వండి.

ఫీచర్ గ్రాఫిక్‌లో (ప్లే స్టోర్ పేజీకి ఇచ్చే అడ్డం పెద్ద బొమ్మ) పేరు కనబడకపోతే, వీడియో పెట్టినందువల్ల దాని ప్లే బటన్ సరిగ్గా మధ్యలో కూర్చుని ఉంటుంది. పేరుని పక్కకి జరపండి.

మీ దగ్గర మెరిసే రంగులు స్టోర్‌లో వెలిసిపోతే ఎస్‌ఆర్‌జీబీలో (మామూలు తెరలన్నీ వాడే రంగుల పద్ధతి) మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయండి.

కొత్త బొమ్మలు పెట్టినా కొందరికి పాతవే కనిపిస్తున్నాయంటే, హిందీకో తెలుగుకో ఎప్పుడో విడిగా బొమ్మలు ఎక్కించి మరిచిపోయి ఉంటారు. డిఫాల్ట్ లిస్టింగ్‌లో మార్చినంత మాత్రాన అవి మారవు. ఆ భాష లిస్టింగ్‌లోకి వెళ్లి పాతవి తీసేస్తే డిఫాల్ట్‌వే అక్కడికీ వస్తాయి.