తుపాన్ల కాలానికి ముందు టెలిఫోన్ తీగలు కలిపే క్రోన్ స్ట్రిప్ బిగిస్తున్నారా? ఇవి చూసుకోండి

అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు మొదలైతే నెల్లూరు, ప్రకాశం తీరంలో టెలిఫోన్ బాక్సు తెరవడమే కష్టం. పది జతల తీగలు పట్టే ఈ స్ట్రిప్ మార్చే పని ఉంటే ఇప్పుడే కానివ్వండి.

• ముందు ఎర్త్. పిడుగు దెబ్బను ఎర్త్‌లోకి పంపే అరెస్టర్ మ్యాగజైన్ తగిలించినంత మాత్రాన రక్షణ రాదు. స్ట్రిప్ కూర్చునే ఫ్రేముకు రంగు పూసి ఉంటే ఎర్త్ తగలదు, పిడుగు దెబ్బ నేరుగా లైన్ కార్డు (ఫోన్ లైన్లు నడిపే సర్క్యూట్ బోర్డు) మీద పడుతుంది. బోల్టు కింద రంగు గీకి, మీటరుతో కంటిన్యుటీ (కనెక్షన్ తెగకుండా ఉందా అని) చూడండి.

• ఒక స్లాటులో (తీగ దూర్చే గాడిలో) ఒకే తీగ. లావు తీగ అందులోని లోహపు కాంటాక్టును వెడల్పు చేస్తే పక్కనున్న సన్న తీగ వదులవుతుంది. ఆ లోపం ఆ రోజు కనబడదు. ఉప్పుగాలికి చిలుము పట్టాక లైనులో గరగర మొదలవుతుంది. అప్పటిదాకా 0.8 మి.మీ. తీగ ఉన్న స్లాటులో 0.4 వేసినా ఇదే గతి.

• తీగను స్క్రూడ్రైవరుతో నొక్కొద్దు. కాంటాక్టు వంగితే మళ్లీ నిటారు కాదు.

• తీగను స్లాటులోకి నొక్కే పంచ్ టూల్ కత్తెర వైపు తీగ కొస మీదే ఉండాలి. తిరగేస్తే తెగేది లైనే.

• పోగుల తీగ వద్దు, ఒంటి రాగి తీగే వాడండి.

• జెల్లీ కేబుల్ (తడి చొరకుండా లోపల జెల్లీ నింపినది) అయితే తీగల మీది జెల్లీ గుడ్డతో తుడవండి, లేకపోతే దుమ్మంతా అక్కడే అంటుకుంటుంది.

• జతల రంగుల వరుస: తెలుపుతో నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ, బూడిద, తర్వాత ఎరుపుతో అవే ఐదు.

• కేబుల్, బాక్సు అడుగు నుంచే లోపలికి రావాలి, బయట కిందికి ఒక వంపు వదలండి. నీళ్లు అక్కడే కారిపోతాయి.