కోళ్లు, మేకలు, గేదెలున్న ఇంటికి షెల్టర్ కుక్కను తెచ్చే ముందు

వదిలేసిన కుక్కలను, వీధికుక్కలను చేరదీసే షెల్టర్‌లో కటకటాలకు ముఖం ఆనించి తోక ఊపే కుక్కను చూస్తే ఎవరి మనసైనా కరుగుతుంది. తెచ్చుకోండి, తప్పకుండా తెచ్చుకోండి. అయితే మీ ఇంట్లో కోళ్లు, మేకలు, పాలిచ్చే గేదె ఉంటే అది గడప దాటి లోపలికి రాకముందే చేయవలసిన పని చాలా ఉంది. కుక్క ఒక్కసారి కోడిని తరిమి పట్టిందంటే ఆ పరుగూ ఆ రుచీ దానికి అలవాటైపోతాయి. ఆ తర్వాత ఎంత తిట్టినా, ఎంత కొట్టినా మాన్పించడం మహా కష్టం. ఆ మొదటి పరుగు జరగకుండా చూసుకోగలిగితే సగం కష్టం తీరినట్టే.

ఎంపిక దగ్గరే జాగ్రత్త మొదలవుతుంది. హైదరాబాద్‌లో 1992లో మొదలైన బ్లూక్రాస్ లాంటి జంతు సంరక్షణ సంస్థలు దత్తత ఇచ్చే ముందు మీ ఇంటి వివరాలు అడుగుతాయి. మీరూ అడగండి. ఈ కుక్క ఎక్కడ దొరికింది? పిల్లులతో, కోళ్లతో ఎప్పుడైనా ఉందా? తిండి దగ్గర గుర్రుమంటుందా? “మంచి కుక్కేనండి” అన్న ఒక్క మాటతో సరిపెట్టుకోకండి. వీలైతే గొలుసుతో పట్టుకుని పిల్లులున్న వైపు నడిపించి చూపించమనండి. చూసి, కాసేపు వాసన పట్టి, మీ వైపు తల తిప్పుకుంటే మంచి గుర్తు. చూపు అతుక్కుపోయి, ఒళ్లంతా బిగుసుకుని, ముందు కాలు ఒకటి గాల్లో ఆగి, మూతి దగ్గర పెట్టిన మాంసం ముక్కను కూడా పట్టించుకోకపోతే ఆ కుక్క ఎంత ముద్దొచ్చినా కోళ్లున్న ఇంటికి వద్దు. దానికి తగిన ఇల్లు వేరే ఉంటుంది.

జాతి గురించీ ఒక మాట. ముధోల్, రాజపాళయం వేట కోసం పెంచిన జాతులు. కదిలేదాన్ని తరమడం వాటి రక్తంలోనే ఉంది. నగరాల్లో కొని పెంచలేక వదిలేసిన హస్కీలు కొన్ని షెల్టర్లకు చేరుతుంటాయి. మన ఎండలు వాటికి పడవు, కోళ్లను చూస్తే ఆగవు. కోళ్ల మధ్యే పుట్టి పెరిగిన ఊరకుక్క చాలాసార్లు వీటన్నిటికంటే నయం. మన కోస్తా జోనంగి కుక్కలకు బాతుల మందలను కాస్తాయన్న పేరే ఉంది. కుక్కపిల్లను తెచ్చుకుంటే భయం లేదనుకోవడం మాత్రం పొరపాటు. కుక్కపిల్ల ఆటలోనే కోడిపిల్లను చంపేస్తుంది, అది చనిపోయిందని దానికి తెలియదు కూడా.

తెచ్చే వేళ కూడా చూసుకోవాలి. దీపావళి వారంలో తేవద్దు, టపాసుల మోతకు బెదిరి గోడ దూకి పారిపోతుంది. సంక్రాంతి వేళ బంధువుల రద్దీ, కోతలు, గోనెల నిండా కోళ్లు, ఇవన్నీ కొత్త కుక్కకు మంచివి కావు. కార్తీక మాసం కుక్కలు జతకట్టే కాలం, అప్పుడు ఊరి కుక్కల మందలు వీధిలో కొట్లాడుకుంటూ తిరుగుతాయి. కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స అయిందో లేదో ముందే తెలుసుకోండి. వీధి నుంచి తీసుకెళ్లి ఆపరేషన్ చేసిన కుక్కకు సాధారణంగా చెవి కొన కత్తిరించి ఉంటుంది. ఇంట్లో గేదె ఈనే రోజులు దగ్గరపడితే ఆ పని ముగిసేదాకా ఆగండి. దూడను చూసుకుంటున్న తల్లి కొత్త కుక్కను కొమ్ములతో ఎత్తి పడేస్తుంది.

మొదటి రెండు వారాలు

వచ్చిన రోజునే పెరట్లోకి వదలకండి. వసారాలో ఒక మూలనో, తడిక కట్టిన చిన్న గదిలోనో రెండు వారాలు విడిగా ఉంచండి. పార్వో, డిస్టెంపర్ లాంటి జబ్బులు లోపల ఉంటే చాలావరకు ఈలోపే బయటపడతాయి. ఇంట్లో ముందునుంచీ వేరే కుక్క ఉంటే ఇది మరీ అవసరం. పార్వో క్రిమి నేలలో నెలల తరబడి బతికే ఉంటుంది. వాంతులు, నెత్తుటి విరేచనాలు కనిపిస్తే ఒక్క పూట కూడా ఆగవద్దు. టీకా కార్డులో తేదీ, టీకా సీసా మీది స్టిక్కర్, డాక్టర్ సంతకం మూడూ ఉన్నాయో లేదో చూడండి. కార్డు లేకపోతే టీకా వేయలేదనే అనుకుని మొదలుపెట్టండి. రేబిస్‌తో పాటు ఎలుకల మూత్రం ద్వారా వచ్చే లెప్టోస్పైరోసిస్ టీకా గురించీ డాక్టర్‌ను అడగండి. వరి పొలాలున్న ఊళ్లో వానాకాలంలో ఆ ముప్పు ఎక్కువ, అది పశువులకూ మనుషులకూ కూడా వస్తుంది.

ఈ రెండు వారాల్లోనే వాసనల పరిచయం చేయండి. మేక పడుకున్న గోనెసంచి తెచ్చి కుక్క పక్కన వేయండి, కుక్క పడుకున్న గుడ్డ తీసుకెళ్లి పాకలో తగిలించండి. రెండు వైపులా వాసన పాతబడ్డాక ఎదురుపడితే గొడవ తక్కువ.

కోళ్ల ఎదుట

పరిచయానికి ఉదయం కోళ్లు వదిలే వేళ అస్సలు పనికిరాదు. అప్పుడు అవి రెక్కలు కొట్టుకుంటూ ఒక్కసారిగా పరిగెడతాయి, ఏ కుక్కకైనా కాళ్లు ఆగవు. మధ్యాహ్నం ఎండకు కోళ్లు చెట్టు కింద మట్టిలో పొర్లుతూ మందకొడిగా ఉన్నప్పుడు మంచిది. మొదట్లో కోళ్లను గంప కింద మూసి పెట్టినా మంచిదే. కుక్కకు కడుపు నిండా తిండి పెట్టి, ఒక చుట్టు నడిపించి, పొడుగాటి తాడుతో తీసుకురండి. తాడును చేతికి చుట్టుకోకండి, కుక్క ఎగిరితే వేళ్లు విరుగుతాయి.

ఎంత దూరంలో నిలబడాలో ఆ కుక్కే చెబుతుంది. కోడిని చూసి కూడా మీ చేతిలోని ఉడికించిన మాంసం ముక్క తీసుకుంటోందంటే ఆ దూరం సరైనది. ముక్క వద్దని కోడి వైపే చూస్తోందంటే పది అడుగులు వెనక్కి రండి. కోడిని చూసి మీ వైపు తిరిగిన ప్రతిసారీ ముక్క పెట్టండి. అయిదు పది నిమిషాలు చాలు, కుక్క అలసిపోకముందే ముగించండి. రోజూ చేస్తూ కొద్దికొద్దిగా దగ్గరకు జరగండి. కొన్ని కుక్కలకు వారాలు చాలు, కొన్నిటికి నెలలు పడుతుంది. చచ్చిన కోడిని కుక్క మెడకు కట్టి బుద్ధి చెప్పే పాత పద్ధతి ఇంకా కొన్నిచోట్ల ఉంది. అది క్రూరం, పైగా దానివల్ల కుక్క నేర్చుకునేదేమీ లేదు, మీ మీద భయం తప్ప.

గుడ్లు పెట్టగానే ఏరేయండి. జబ్బుతో చచ్చిన కోళ్లను పెంటకుప్ప మీద వేయకుండా లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండి. రుచి మరిగేది అక్కడే.

మేకల విషయంలో చూడి మేకల మీద ఎక్కువ కన్నుండాలి. కుక్క కరవకపోయినా సరే, తరిమితే బెదిరి ఈచుకుపోయే (కడుపు పోయే) ప్రమాదం ఉంది. గేదెల దగ్గర ఆపద కుక్కకే ఎక్కువ, వెనక కాళ్ల దగ్గర తచ్చాడనివ్వకండి. పిల్లికి మాత్రం ఎక్కి కూర్చోవడానికి ఎత్తైన చోటు, అటకో గోడో, ఎప్పుడూ అందుబాటులో ఉండాలి.

కుక్క నుంచి పాడికి, పాడి నుంచి కుక్కకు

దీన్ని ఊళ్లలో పెద్దగా పట్టించుకోరు. గేదె ఈనాక పడిన మాయను కుక్కలు ఈడ్చుకుపోవడం మామూలు దృశ్యం. అలా తిన్న కుక్కకు నియోస్పోరా అనే పరాన్నజీవి సోకవచ్చు, దాని మలం గడ్డివాములోనో దాణాలోనో కలిస్తే పశువుల్లో ఈచుకుపోవడాలు మొదలవుతాయి. అందుకే మాయ పడగానే పూడ్చేయండి, గడ్డివాము మీద కుక్కను పడుకోనివ్వకండి. మేకను కోసిన రోజు పచ్చి పేగులు, కార్జం కుక్కకు వేయడమూ మానాలి. వాటిలోని తిత్తుల నుంచి కుక్క కడుపులో బద్దెపురుగులు పెరుగుతాయి, వాటి గుడ్లు కుక్క మలం ద్వారా మన కడుపులోకి చేరితే కాలేయంలో, ఊపిరితిత్తుల్లో నీటి తిత్తులు పెరుగుతాయి. నులిపురుగుల మందు డాక్టర్ చెప్పిన ప్రకారం క్రమం తప్పకుండా వేయించండి, కుక్కను నిమిరిన చేతులతో పిల్లలు అన్నం తినకుండా చూడండి.

పిడుదులకు పశువులకు వాడే మందును అలాగే కుక్కకు పూయకండి. మోతాదు వేరు, కొన్ని మందులు పిల్లికి తగిలితే ప్రాణం పోతుంది. పశువులకు పురుగుల కోసం సూదితో పొడిచే ఐవర్‌మెక్టిన్ మందు కొన్ని జాతుల కుక్కలను చంపుతుంది. మనం వాడే పారాసిటమాల్ పిల్లికి విషం, ఐబుప్రోఫెన్ కుక్కకు విషం. పొలంలో ఎలుకలకు జింక్ ఫాస్ఫైడ్ ఎర పెట్టిన రోజుల్లో కుక్కను కట్టేసి ఉంచండి, పురుగుమందు డబ్బాలు తాళం వేసిన చోట పెట్టండి. అత్యవసరంలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం గురించి సమాచారం దొరుకుతుంది.

కరిచినా గీరినా, కుక్క మనదే అయినా సరే, గాయాన్ని సబ్బుతో ధారగా పడే నీటి కింద పదిహేను నిమిషాలు కడిగి వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలి. సున్నం, కారం, ఆకు పసర్లు వద్దు. వీధి నుంచి వచ్చిన కుక్కలో రేబిస్ బయటపడటానికి నెలలు పట్టవచ్చు. “చూద్దాంలే” అని ఆగే అవకాశం ఈ జబ్బు ఇవ్వదు, లక్షణాలు మొదలయ్యాక మందు లేదు. పశువును కరిచినా డాక్టర్‌కు చెప్పండి, వాటికీ టీకా ఉంది.

ఇంత చేసినా కొన్ని కుక్కలు కుదురుకోవు. అప్పుడు బస్టాండ్‌లోనో పొలిమేరలోనో వదిలేయకండి. ఆకలిదప్పులతో అలమటించేలా పశువును వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం కూడా. తెచ్చుకునే ముందే, కుదరకపోతే తిరిగి తీసుకుంటారా అని షెల్టర్‌ను అడిగి కాగితం మీద రాయించుకోండి. తిరిగి ఇచ్చేటప్పుడు అది కోడిని పట్టిందన్న సంగతి దాచకుండా చెప్పండి. కోళ్లు లేని ఇంట్లో ఆ కుక్కే ఏ తంటా లేకుండా పదేళ్లు బతకగలదు.