అండాశయ క్యాన్సర్ ముప్పు తెలుసుకోవడానికి కుటుంబ చరిత్రను రాసుకునే పద్ధతి

అండాశయ క్యాన్సర్ వచ్చిన స్త్రీలలో స్థూలంగా 15 నుంచి 20 శాతం మందికి, పుట్టుకతోనే తల్లి వైపు నుంచో తండ్రి వైపు నుంచో సంక్రమించిన జన్యు మార్పు కారణంగా ఉంటుంది. మిగిలినవారిలో అలాంటి మార్పు కనిపించదు. కాబట్టి వంశంలో ఒకరికి వచ్చినంత మాత్రాన అందరికీ వస్తుందని భయపడనక్కరలేదు, ఎవరికీ రాలేదని పూర్తిగా నిశ్చింతగానూ ఉండలేము. "మీ ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ వచ్చిందా?" అని వైద్యులు అడిగినప్పుడు అప్పటికప్పుడు గుర్తొచ్చినది చెప్పడం కంటే, వివరాలన్నీ ముందే కాగితం మీద పెట్టుకుని వెళ్లడం ఎంతో మేలు.

పెద్ద కాగితం మీద కనీసం మూడు తరాల వంశవృక్షం గీయండి. స్త్రీలకు వృత్తం, పురుషులకు చతురస్రం వాడడం వైద్యులకు అలవాటైన పద్ధతి. మీ తోబుట్టువులు, పిల్లలు, తల్లిదండ్రులు, వారి తోబుట్టువులు, ఇరువైపుల తాతలు, అమ్మమ్మ, నాయనమ్మ ఇందులో ఉండాలి. వీలైతే వారి తోబుట్టువులను, మీ తల్లిదండ్రుల తోబుట్టువుల పిల్లలను కూడా చేర్చండి. రక్తసంబంధం ఉన్నవారే లెక్కలోకి వస్తారు కనుక మేనత్త ఉండాలి గానీ బాబాయి భార్య అక్కరలేదు.

ఎక్కువమంది పొరపడేది తండ్రి వైపు విషయంలోనే. ఇది ఆడవారి జబ్బు కదా అని తల్లి వైపు మాత్రమే వెతుకుతారు. ముప్పును పెంచే ప్రధాన జన్యువులైన బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2లలోని మార్పు తండ్రికి ఉన్నా, తల్లికి ఉన్నా ప్రతి బిడ్డకూ సంక్రమించే అవకాశం 50 శాతమే; కొడుకైనా కూతురైనా తేడా లేదు. అండాశయాలు లేని తండ్రి ఆ మార్పును మోస్తూ ఏ జబ్బూ లేకుండా జీవించి కూతురికి అందించవచ్చు. తండ్రికి అక్కచెల్లెళ్లు లేని కుటుంబంలో ఈ ముప్పు రెండు తరాల పాటు బయటపడకుండా ఉండిపోవడం కూడా సాధ్యమే. అందువల్ల మగవారికి వచ్చిన ప్రొస్టేట్, క్లోమగ్రంథి, రొమ్ము క్యాన్సర్లను కూడా తప్పక రాయాలి.

జబ్బు పడిన ప్రతి ఒక్కరి విషయంలోనూ ఏ అవయవంలో మొదలైంది, ఏ వయసులో బయటపడింది, రెండు రొమ్ములకూ వచ్చిందా, జన్యు పరీక్ష జరిగిందా అన్నవి రాయండి. చనిపోయిన వయసు కంటే జబ్బు బయటపడిన వయసే ముఖ్యం. జబ్బు రానివారి వయసులు కూడా కావాలి. గర్భసంచి ఆపరేషన్ జరిగిన స్త్రీలకు అండాశయాలు కూడా తీసేశారా లేదా అన్నది కనుక్కోండి. చిన్న వయసులోనే అవి తీసేసి ఉంటే, ఆమెకు క్యాన్సర్ రాకపోవడం వంశంలో ముప్పు లేదనడానికి గుర్తు కాదు.

పెద్దలు చెప్పే మాటలు చాలాసార్లు అస్పష్టంగా ఉంటాయి. "కడుపులో నీరు చేరి పోయింది" అన్న జ్ఞాపకం వెనుక అండాశయ క్యాన్సర్ ఉండవచ్చు, కాలేయ వ్యాధీ ఉండవచ్చు. "గర్భసంచి క్యాన్సర్" అనే మాటను గర్భాశయ లోపొరకు, గర్భాశయ ముఖద్వారానికి, అండాశయానికి కూడా వాడేస్తుంటారు. ముఖద్వార క్యాన్సర్ ప్రధానంగా హెచ్‌పీవీ వైరస్ వల్ల వస్తుంది కనుక ఈ లెక్కకు పనికిరాదు. బయాప్సీ నివేదిక దొరికితే అంతకంటే మంచి సాక్ష్యం లేదు. దొరకనప్పుడు ఊహను నిజంలా రాయకుండా, పక్కన "విన్నది" అని గుర్తు పెట్టుకోండి.

ఆ కాగితంలో ఏం చూడాలి? దగ్గరి బంధువుల్లో ఒక్కరికి అండాశయ క్యాన్సర్ వచ్చినా సలహా అడగడానికి అది చాలు; రెండో వ్యక్తి కోసం ఎదురుచూడకూడదు. ఒకే వైపు బంధువుల్లో చిన్న వయసులో రొమ్ము క్యాన్సర్ కనిపించినా అంతే. పెద్దపేగు, గర్భాశయ లోపొర క్యాన్సర్లు కలిసి కనిపిస్తే లించ్ సిండ్రోమ్ అనే, వంశపారంపర్యంగా వచ్చే మరో జన్యు సమస్యను అనుమానించాలి. అదీ అండాశయ ముప్పును పెంచుతుంది. సాధారణ స్త్రీకి జీవితకాలంలో అండాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం ఒక శాతం కంటే కొద్దిగా ఎక్కువ. 2017లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం 80 ఏళ్ల వయసు వచ్చేసరికి అది బీఆర్‌సీఏ1 మార్పు ఉన్నవారిలో దాదాపు 44 శాతం, బీఆర్‌సీఏ2 మార్పు ఉన్నవారిలో దాదాపు 17 శాతం.

జన్యు పరీక్షను వీలైతే ముందుగా జబ్బు వచ్చిన వ్యక్తికే చేయించాలి. ఆమెలో మార్పు దొరికితే బంధువులు ఆ ఒక్క మార్పు కోసం చూసుకుంటే సరిపోతుంది, అది లేదని తేలితే ఆ మాటకు పూర్తి విలువ ఉంటుంది. జబ్బు లేని వ్యక్తితో మొదలుపెట్టినప్పుడు వచ్చే "ఏమీ లేదు" అన్న ఫలితానికి అంత బలం లేదు. ప్రాముఖ్యం ఇంకా తేలని మార్పు ఉన్నట్టు నివేదిక వస్తే, దాన్ని పట్టుకుని ఆపరేషన్ నిర్ణయాలు తీసుకోకూడదు. ఇవన్నీ విడమరచి చెప్పగల జన్యు సలహాదారును పరీక్షకు ముందే కలవడం మంచిది.

ముప్పు ఉందని తేలినవారు ఏటా స్కానింగ్, రక్తంలో ఒక ప్రొటీన్‌ను కొలిచే సీఏ-125 పరీక్ష చేయించుకుంటే చాలనుకుంటారు. సాధారణ జనాభాలోని రెండు లక్షలకు పైగా స్త్రీలపై బ్రిటన్‌లో జరిగిన అధ్యయనం ఈ పరీక్షల వల్ల మరణాలు తగ్గలేదని 2021లో తేల్చింది; అధిక ముప్పు ఉన్నవారిలోనూ ఇవి ప్రాణం కాపాడతాయని రుజువు కాలేదు. పిల్లలు ఇక వద్దనుకున్నాక, బీఆర్‌సీఏ1 మార్పు ఉన్నవారికి 35-40 ఏళ్ల మధ్య, బీఆర్‌సీఏ2 మార్పు ఉన్నవారికి 40-45 ఏళ్ల మధ్య అండాశయాలను, వాటి నుంచి గర్భసంచికి అండాన్ని చేర్చే ఫాలోపియన్ నాళాలను తీయించుకోమని సూచిస్తారు. ఈ క్యాన్సర్లలో చాలా భాగం నిజానికి నాళాల చివరనే మొదలవుతాయి కనుక వాటినీ తీస్తారు. ముప్పు బాగా తగ్గుతుంది, కానీ నెలసరి ఒక్కసారిగా ఆగిపోవడం వల్ల వేడి ఆవిర్లు, ఎముకల బలహీనత వంటివి వస్తాయి కనుక హార్మోన్ చికిత్స గురించి ముందే మాట్లాడుకోవాలి. గర్భనిరోధక మాత్రలు కొన్నేళ్లు వాడడం కూడా ముప్పును తగ్గిస్తుంది. అయితే రొమ్ము క్యాన్సర్ ముప్పును కూడా బేరీజు వేసి వైద్యులే చెప్పాలి.

మార్పు దొరికితే ఆ సంగతి అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు, ఆ వైపు బంధువులకు నోటిమాటగా చెప్పి వదిలేయకుండా నివేదిక నకలు కూడా ఇవ్వండి. వారి నమూనాలో సరిగ్గా ఏ మార్పు కోసం వెతకాలో ప్రయోగశాలకు ఆ నకలు చూస్తేనే తెలుస్తుంది.