షుగరు ఉన్నవారు హెచ్‌ఎస్-సీఆర్‌పీ రిపోర్టును చదువుకోవడం ఎలా?

మధుమేహం ఉన్నవారు చేయించుకునే హెల్త్ చెకప్ ప్యాకేజీల్లో ఈమధ్య హెచ్‌ఎస్-సీఆర్‌పీ (హై సెన్సిటివిటీ సి-రియాక్టివ్ ప్రొటీన్) అనే రక్తపరీక్ష తరచుగా కనిపిస్తోంది. ఆ అంకె పక్కన ‘హై’ అని ఉంటే గుండెపోటు వచ్చేసినట్టే కంగారు పడేవారు కొందరైతే, మామూలు సీఆర్‌పీ ‘నార్మల్’ అని వచ్చింది కాబట్టి గుండెకు ఢోకా లేదనుకునేవారు మరికొందరు. రెండూ తొందరపాటే.

సీఆర్‌పీ కాలేయంలో తయారయ్యే ఒక ప్రొటీన్. ఒంట్లో ఎక్కడ వాపు ప్రక్రియ (ఇన్‌ఫ్లమేషన్) మొదలైనా ఇంటర్‌ల్యూకిన్-6 అనే సంకేత రసాయనం కాలేయాన్ని ప్రేరేపించి దీన్ని ఎక్కువగా తయారు చేయిస్తుంది. పొట్టలో పేరుకున్న కొవ్వు కూడా ఆ రసాయనాన్ని విడుదల చేస్తుంది కనుక, టైప్-2 మధుమేహంతో పాటు బొజ్జ ఉన్నవారిలో ఏ ఇన్ఫెక్షనూ లేకపోయినా సీఆర్‌పీ కాస్త ఎక్కువగానే ఉండవచ్చు. గుండె ధమనుల గోడల్లో కొవ్వు పూడికలు ఏర్పడటంలోనూ, అవి చిట్లి రక్తం గడ్డకట్టడంలోనూ వాపు ప్రక్రియకు పాత్ర ఉంది. అయితే జన్యుపరంగానే సీఆర్‌పీ ఎక్కువగా ఉన్నవారిలో గుండెజబ్బులు అందుకు తగ్గట్టు పెరగలేదని పరిశోధనల్లో తేలింది కాబట్టి, దీన్ని ముప్పుకు సూచికగా చూడాలే తప్ప కారణంగా భావించకూడదు.

రిపోర్టు చేతికి రాగానే ముందు చూడవలసింది అంకెను కాదు, పరీక్ష పేరును, కొలమానాన్ని. 1930లో న్యుమోనియా రోగుల రక్తంలో కనుగొన్న ఈ ప్రొటీన్‌ను ఆసుపత్రుల్లో ఇన్ఫెక్షన్ తీవ్రత తెలుసుకోవడానికే ఎక్కువగా వాడతారు. అందుకు ఉద్దేశించిన మామూలు సీఆర్‌పీ పరీక్షలో లీటరుకు 5 లేదా 6 మిల్లీగ్రాముల వరకు నార్మల్ అని చాలా ల్యాబులు ముద్రిస్తాయి. హెచ్‌ఎస్ అని ఉన్న పరీక్ష కొలిచేది అదే ప్రొటీన్‌నే గానీ, తక్కువ స్థాయిలను సైతం కచ్చితంగా కొలుస్తుంది. ఉదాహరణకు ఒకరి మామూలు సీఆర్‌పీ 4.2 అని వస్తే ఇన్ఫెక్షన్ లెక్కన అది నార్మలే. గుండె ముప్పు లెక్కన మాత్రం ఎక్కువ వైపే ఉంది. కొన్ని ల్యాబులు ఇదే ఫలితాన్ని డెసిలీటరు లెక్కన 0.42 అని ఇస్తాయి. దాన్ని పదితో గుణించకుండా చదివితే అర్థం తలకిందులవుతుంది.

రక్తం ఎప్పుడు ఇచ్చారన్నది ఇంకా ముఖ్యం. పరగడుపున ఉండనక్కర్లేదు గానీ, జలుబు, జ్వరం, పంటి చీము, మూత్రంలో మంట, ఈమధ్యనే జరిగిన ఆపరేషన్ లేదా దెబ్బ వంటివి ఉన్నప్పుడు ఇచ్చిన రక్తంలో గుండె సంగతి తేలదు. చికున్‌గున్యా తగ్గాక కీళ్లనొప్పులు ఇంకా వేధిస్తున్నా అంతే. పూర్తిగా కోలుకున్నాక రెండు వారాల ఎడంతో రెండుసార్లు చేయించి, సగటు చూడటం పద్ధతి. అంకె 10 దాటితే దాన్ని గుండె ఖాతాలో వేయకుండా ముందు ఇన్ఫెక్షన్ కోసం వెతకాలి. మధుమేహం వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారికి పుండు పడినా నొప్పి తెలియదు కాబట్టి, మంచి వెలుతురులో కూర్చుని అరికాలిని, ఆనెకాయల చుట్టూ, కాలివేళ్ల సందుల్లో, గోళ్ల అంచుల వెంట పరిశీలించాలి. వంగలేనివారు అద్దం వాడవచ్చు, లేదా ఇంట్లోవారిని చూడమనవచ్చు. తోముకునేటప్పుడు చిగుళ్ల నుంచి రక్తం వస్తుంటే పళ్ల డాక్టరును కలవాలి. కీళ్లవాతం ఉన్నా, నోటిద్వారా ఈస్ట్రోజెన్ మాత్రలు వాడుతున్నా ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

ఇవేవీ లేవని తేలాకే అంకెకు విలువ. లీటరుకు 1 మిల్లీగ్రాము కన్నా తక్కువైతే ముప్పు తక్కువ, 1 నుంచి 3 వరకు మధ్యస్థం, 3 దాటితే ఎక్కువ అని 2003లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్, అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ సంయుక్తంగా సూచించాయి. 2 లేదా అంతకు మించితే ముప్పును పెంచే అదనపు అంశంగా పరిగణించాలని అక్కడి తర్వాతి మార్గదర్శకాలు చెప్పాయి.

ఇంతకీ ఈ అంకెతో చికిత్స మారుతుందా? చాలామందిలో మారదనే చెప్పాలి. 40 నుంచి 75 ఏళ్ల మధ్య వయసుండి మధుమేహం ఉన్నవారికి, సీఆర్‌పీ ఎంతున్నా, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర సిఫారసులో ఉంది. ‘సీఆర్‌పీ తక్కువే కదా’ అని దాన్ని మానేయడం కన్నా పొరపాటు లేదు. వయసు 40 లోపే ఉండి స్టాటిన్ మొదలుపెట్టాలా వద్దా అన్న సందిగ్ధంలోనో, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) అదుపులో ఉన్నా ఒకసారి గుండెపోటు వచ్చినవారిలో మిగిలిన ముప్పును అంచనా వేయడానికో ఇది అక్కరకొస్తుంది.

వాపు ప్రక్రియను నేరుగా తగ్గించే మందుల సంగతి ఇంకా పూర్తిగా తేలలేదు. 2017లో వెలువడిన కాంటోస్ అధ్యయనంలో కనకినుమాబ్ ఇంజెక్షన్ కొలెస్ట్రాల్‌ను తగ్గించకుండానే గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలను కలిపి చూస్తే సుమారు 15 శాతం తగ్గించింది గానీ, ప్రాణాంతక ఇన్ఫెక్షన్లు పెరిగాయి. మరుసటి ఏడాది మెథోట్రెక్సేట్‌తో చేసిన అధ్యయనంలో ప్రయోజనం కనిపించలేదు. గౌట్ అనే కీళ్లజబ్బుకు వాడే కాల్చిసిన్‌ను అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2023లో 0.5 మిల్లీగ్రాముల మోతాదులో గుండెజబ్బు ఉన్నవారికి అనుమతించినా, 2024లో వచ్చిన మరో పెద్ద అధ్యయనంలో మేలు కనిపించలేదు. కిడ్నీ దెబ్బతిన్నవారికీ, క్లారిత్రోమైసిన్ వంటి యాంటీబయాటిక్ వాడుతున్నవారికీ కాల్చిసిన్ విషంగా మారగలదు. మందుల షాపులో అడిగి కొనుక్కోవలసిన మందు కాదిది.

వాపు ప్రక్రియను తెలిపే మరో రక్తపరీక్ష ఈఎస్‌ఆర్. అది రక్తహీనత వల్ల, వయసు వల్ల కూడా పెరుగుతుంది కాబట్టి గుండె ముప్పు అంచనాకు పనికిరాదు. ఇంటర్‌ల్యూకిన్-6 పరీక్షకు డబ్బు పెట్టే బదులు, మూత్రంలో ప్రొటీన్ ఎంత పోతోందో తెలిపే అల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తిని ఏటా చూపించుకోవడం మేలు. గ్రాముకు 30 మిల్లీగ్రాములు దాటి నిలకడగా ఉంటే అది కిడ్నీతో పాటు గుండె ముప్పునూ తెలుపుతుంది. బరువు తగ్గడం, పొగ మానడం, క్రమం తప్పని నడక, స్టాటిన్ — ఇవి సీఆర్‌పీని తగ్గిస్తాయి. పసుపు క్యాప్సూళ్లు వీటికి బదులు కావు.

షుగరు ఉన్నవారిలో గుండెపోటు ఛాతీనొప్పి లేకుండానే రావచ్చు. హఠాత్తుగా చెమటలు, ఆయాసం, దవడలో లేదా ఎడమచేతిలో లాగుడు, అకారణమైన నీరసం వస్తే పాత సీఆర్‌పీ రిపోర్టు వెతుకుతూ కూర్చోకుండా వెంటనే 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్లాలి; అప్పుడు కావలసినవి ఈసీజీ, గుండె కండరం దెబ్బతిందా అని తెలిపే ట్రోపోనిన్ రక్తపరీక్ష.