వత్తు తెగని వెబ్‌సైట్: గోదావరి జిల్లాల దుకాణానికి తెలుగు పేజీ కట్టే పద్ధతి

కడియం నర్సరీకో, ఆత్రేయపురం పూతరేకుల దుకాణానికో, అంబాజీపేట కొబ్బరి వ్యాపారికో వెబ్‌సైట్ చేయాల్సి వస్తే మామూలుగా జరిగేది ఇది. ఇంగ్లీషు టెంప్లేట్ (ముందే కట్టి ఉంచిన పేజీల అచ్చు) ఒకటి తీసుకుని, ఇంగ్లీషు మాటలున్న చోటల్లా తెలుగు మాటలు పోస్తారు. డెవలపర్ కంప్యూటర్లో బాగానే ఉంటుంది. ఫోనులో తెరిస్తే "లక్ష్మి" కింద మ వత్తు సగానికి కోసుకుపోయి ఉంటుంది, బటన్ మీది మాట రెండు ముక్కలవుతుంది, వెతుకుడు పెట్టెలో "నందివర్ధనం" కొడితే మొక్క ఉండి కూడా దొరకదు. ఇంగ్లీషు అక్షరం కొలతకు కట్టిన గదిలో తెలుగు అక్షరాన్ని కాపురం పెట్టడం వల్లే ఇవన్నీ వస్తాయి. అందుకే కొలతలు మొదటి రోజే మార్చుకోవాలి. ఇక్కడ ఒక నర్సరీ సైటును ఉదాహరణగా పెట్టుకుని చెబుతున్నాం.

మేటర్ చేతికొచ్చాక

దుకాణదారు ఇచ్చే మేటర్ (రాత), అంటే కరపత్రం, ధరల పట్టిక చాలావరకు డీటీపీ సెంటర్లో పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కొట్టించినవే. ఆ పాత ఫాంట్లలో తెలుగు అక్షరం పైకి కనబడే బొమ్మ మాత్రమే, లోపల దాగినవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. నేరుగా కాపీ చేసి పేజీలో పెడితే పిచ్చి గీతలొస్తాయి. యూనికోడ్ (ఏ ఫోనైనా తెలుగుగానే గుర్తించే రూపం) కన్వర్టర్‌లో వేసి మార్చుకుని, మార్చాక ప్రతి మాటా కళ్లతో చదవాలి. రెండు వత్తులున్న అక్షరాల దగ్గర మరీ జాగ్రత్త. ఇంకో దొంగ తప్పు ఉంది: సున్నా పెట్టాల్సిన చోట కొందరు అంకె 0 కొడతారు, కొందరు ఇంగ్లీషు 'ఓ' కొడతారు. కంటికి తేడా తెలియదు కానీ వెతుకులాటలో ఆ మాట ఎప్పటికీ దొరకదు. తెలుగు అక్షరాన్ని ఆనుకుని అంకె గానీ ఇంగ్లీషు అక్షరం గానీ ఉన్న చోట్లన్నీ ఎడిటర్‌లో వెతికి పట్టుకోండి.

పట్టిక ఎక్సెల్‌లో ఉంటే సేవ్ చేసేటప్పుడు "సీఎస్‌వీ యూటీఎఫ్-8" అన్నదే ఎంచుకోవాలి. మామూలు సీఎస్‌వీ ఎంచుకుంటే తెలుగంతా ప్రశ్నార్థకాలైపోతుంది, ఆ ఫైలులోంచి మళ్లీ తెలుగు తీయలేరు. డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ అయితే క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్8ఎంబీ4 పెట్టండి. తెలుగు అక్షరానికి 3 బైట్లు చాలు కాబట్టి పాత యూటీఎఫ్8 కూడా పనిచేస్తున్నట్టే ఉంటుంది. కస్టమర్ చిరునామా చివర ఒక ఎమోజీ పెట్టిన రోజున దానికి 4 బైట్లు కావాలి, ఆర్డర్ అక్కడే పడిపోతుంది.

ఫారంలో పేరు పొడవుకు హద్దు పెట్టేటప్పుడు "స్త్రీ" అనే మాటను గుర్తు పెట్టుకోండి. చదివేవారికి అది ఒక్క అక్షరం. కంప్యూటర్‌కు స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం గుడి, మొత్తం 6. ఇంగ్లీషు లెక్కన 20కి కట్టేస్తే ఇంటిపేరుతో సహా రాసేవారి పేరు మధ్యలోనే ఆగిపోతుంది. 100 ఇవ్వండి.

అక్షరానికి చోటు

ఎక్కువ జాగ్రత్త కావాల్సింది ఇక్కడే. "లక్ష్మి"లో రెండో అక్షరాన్ని పెద్దది చేసి చూడండి. మధ్యన క, నెత్తిన గుడి, కింద ష వత్తు, దాని తర్వాత మ వత్తు. ఆ మ వత్తు కొన్ని ఫాంట్లలో పక్కకు జరుగుతుంది, కొన్నింట్లో ఇంకా కిందకు దిగుతుంది. టెంప్లేట్‌లో ఉండే, అక్షరం సైజుకు 1.4 రెట్లయిన లైన్ హైట్‌లో పై వరస వత్తు కింది వరస గుడిని తన్నుకుంటుంది. మేటర్‌కు 1.7తో మొదలుపెట్టండి, వత్తులు దట్టంగా ఉంటే 1.8 చేయండి. అక్షరం సైజు ఫోనులో 17 లేదా 18 పిక్సెల్స్ ఉండాలి. 14లో ఇంగ్లీషు చదవగలరేమో గానీ "ష"కూ "ప"కూ తేడా తెలియదు.

వత్తులు కోసుకుపోవడానికి కారణం దాదాపు ప్రతిసారీ ఒకటే: పెట్టెకు ఎత్తు ఇంత అని బిగించడం, దాని మీద ఓవర్‌ఫ్లో హిడెన్ (పెట్టె దాటినదాన్ని దాచేయడం) పెట్టడం. బటన్లు, మెనూ వరసలు, మొక్కల కార్డుల శీర్షికలు అన్నీ వెతికి హైట్ తీసేయండి, దాని బదులు మిన్-హైట్ (కనీస ఎత్తు) 48 పిక్సెల్స్ ఇచ్చి, పైన 10, కింద 12 ప్యాడింగ్ (లోపలి ఖాళీ) పెట్టండి. శీర్షికను రెండు వరసలకు కుదించే లైన్ క్లాంప్ వాడితే కింద ప్యాడింగ్ ఇవ్వకండి, మూడో వరస గుడులు ఆ సందులోంచి తొంగిచూస్తాయి. అక్కడ లైన్ హైట్ పెంచడమే సరైన మందు.

టెంప్లేట్ శీర్షికలకు లెటర్ స్పేసింగ్ (అక్షరాల మధ్య ఎడం) మైనస్‌లో ఉంటుంది. దాన్ని సున్నా చేయండి, లేకపోతే పక్కక్షరం వత్తు వచ్చి దీని మీద కూర్చుంటుంది. ఇటాలిక్ తెలుగు లిపిలో లేదు. బ్రౌజర్ అక్షరాన్ని పట్టుకుని వంచేస్తుంది, అంతే. నొక్కి చెప్పాలంటే అక్షరం బరువైనా (గీతల మందం) రంగైనా మార్చండి. లింకుల కింద గీత వత్తుల మధ్యలోంచి పోతుంది, లేదా వాటిని తప్పించుకుంటూ ముక్కలు ముక్కలవుతుంది. అండర్‌లైన్ ఆఫ్‌సెట్ 0.35ఈఎం (ఒక ఈఎం అంటే అక్షరం సైజంత) ఇచ్చి చూడండి, నప్పకపోతే బార్డర్ బాటమ్ వాడండి.

జస్టిఫై (వరసను రెండు అంచులకూ సమంగా సాగదీయడం) వద్దు. తెలుగులో విభక్తులు మాటకే అతుక్కుని మాట పొడవవుతుంది. "రాజమహేంద్రవరంలోని" అన్న ఒక్క మాట 360 పిక్సెల్స్ తెరలో సగం తినేస్తుంది, మిగిలిన మాటల మధ్య కాలవంత ఖాళీ పడుతుంది. ఫోనులో శీర్షిక సైజు 24 దాటనివ్వకండి, పొడవైన మాట తెర దాటకుండా విరిగేలా ఓవర్‌ఫ్లో ర్యాప్ విలువ బ్రేక్ వర్డ్ పెట్టి ఉంచండి.

ఫాంటు

మేటర్‌కు వెబ్ ఫాంటు (పేజీతో పాటు దిగే ఫాంటు) అక్కర్లేదన్నది మా గట్టి అభిప్రాయం. ఆండ్రాయిడ్‌లో నోటో తెలుగు, విండోస్‌లో నిర్మలా యూఐ, ఐఫోనులో కోహినూర్ తెలుగు ముందే ఉన్నాయి. తెలుగు ఫాంటులో గుణింతాలకు, వత్తులకు విడివిడిగా వందల బొమ్మలు ఉండాలి కాబట్టి ఫైలు ఇంగ్లీషు ఫాంటుకన్నా చాలా బరువు. గోదావరి పాయల మధ్యనున్న లంక ఊళ్లో సిగ్నల్ ఒక గీత మీద ఉన్నప్పుడు ఆ బరువంతా మోయించడం న్యాయం కాదు. దుకాణం పేరుకూ పెద్ద శీర్షికలకూ మాత్రం ఒక ఫాంటు తీసుకోండి. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే రామభద్ర శీర్షికకు నిండుగా ఉంటుంది. మండలి అనే ఫాంటు తీసుకుంటే దానికి ఒకటే అక్షర బరువు ఉందని మరవకండి. దాని మీద బోల్డ్ పెడితే బ్రౌజర్ సిరా పూసినట్టు మందం చేస్తుంది, వత్తుల లోపలి ఖాళీలు మూసుకుపోతాయి. ఫాంట్ సింథసిస్ నన్ అని రాస్తే ఆ పూత ఆగుతుంది. నోటో సాన్స్ తెలుగులో బరువులు 100 నుంచి 900 వరకు ఉన్నాయి.

ఫాంటును సొంత సర్వర్ మీద పెట్టుకుంటే వోఫ్2 (వెబ్ కోసం కుదించిన ఫాంటు ఫైలు) రూపంలో ఉండాలి. ఆన్‌లైన్‌లో దొరికే మార్పిడి పరికరాలు కొన్ని జీసబ్ అనే టేబుల్‌ను ఊడబెరుకుతాయి. వత్తులు కలిపే నియమాలన్నీ అందులోనే ఉంటాయి కాబట్టి అది పోతే "లక్ష్మి" కాస్తా పొల్లులతో విడిపోయి కనబడుతుంది. ఫాంట్‌టూల్స్‌లోని సబ్‌సెట్ పరికరం ఈ నియమాలను నిలబెడుతుంది, అదే వాడండి. యూనికోడ్ రేంజ్ (ఫాంటును ఏ గుర్తులకు వాడాలో చెప్పే వరస) రాసేటప్పుడు 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ అని ఊరుకోకూడదు. కనబడని గుర్తులు 200సీ (అక్షరాలను విడదీసేది), 200డీ (కలిపేది) కూడా చేర్చాలి. "వెబ్‌సైట్"లో బ పొల్లుకూ స కూ మధ్య కంటికి కనబడని అడ్డుగోడ 200సీ. దాన్ని వదిలేస్తే బ్రౌజర్ ఆ ఒక్క గుర్తుకోసం వేరే ఫాంటుకు వెళ్లొచ్చు, అక్షరాల కూర్పు అక్కడ తెగుతుంది. ఫాంటును ప్రీలోడ్ (ముందుగానే దించడం) చేస్తే క్రాస్ ఆరిజిన్ గుర్తు తప్పనిసరి, లేకపోతే ఒకే ఫైలు రెండుసార్లు దిగుతుంది.

ఊరి పేరు, విభక్తి

ఇంగ్లీషు టెంప్లేట్‌లో ఊరి పేరు వచ్చే చోట ఖాళీ వదిలి, దాని వెనక "కు డెలివరీ" అని అతికిస్తారు. కాకినాడకు, మండపేటకు సరిపోతుంది. రాజమండ్రి వచ్చేసరికి "రాజమండ్రికు" అవుతుంది. అమలాపురం వచ్చేసరికి "అమలాపురంకు" అని చదవాల్సి వస్తుంది. అక్కడివాళ్లు ఎవరైనా అమలాపురానికి, భీమవరానికి, నరసాపురానికి అంటారు. మన జిల్లాల్లో చాలా ఊళ్లు సున్నాతోనే ముగుస్తాయి కాబట్టి ఈ తప్పు రోజంతా కనబడుతూనే ఉంటుంది. విభక్తి అక్కర్లేని వాక్యం రాయడం తేలిక: "డెలివరీ ఊరు: అమలాపురం". లేదా ప్రతి ఊరికీ "కి, కు" కలిపిన రూపాన్ని పట్టికలో ఇంకో గడిలో పెట్టుకోండి. డెలివరీ ఇచ్చే ఊళ్లు ఎలాగూ యాభైకి మించవు, ఒక పూట పని.

బటన్ల మీద "సమర్పించు", "శోధించు" వద్దు. "పంపండి", "వెతకండి" చాలు. తప్పు చూపించేటప్పుడు "చెల్లని ఇన్‌పుట్" అంటే ఎవరికీ అర్థం కాదు. "ఫోన్ నంబరులో 9 అంకెలే ఉన్నాయి, 10 ఉండాలి" అని రాయండి.

ఆర్డర్ ఎస్సెమ్మెస్ తెలుగులో పంపాలనుకుంటే ఒక లెక్క: ఇంగ్లీషు సందేశానికి 160 అక్షరాలు, తెలుగుకు 70. అది దాటితే ముక్కకు 67 చొప్పున విడిపోయి ప్రతి ముక్కకూ ఖర్చు పడుతుంది. ఇక్కడ కూడా "స్త్రీ" 6 కిందే లెక్క.

వెతికితే దొరకాలి

మొక్కల పట్టికలో చూపించే పేరు ఒక గడి, వెతకడానికి తయారు చేసిన పేరు ఇంకో గడి ఉండాలి. రెండో గడికి పేరును ముందు ఎన్‌ఎఫ్‌సీ రూపంలోకి, అంటే ఒక అక్షరానికి ఒకే కూర్పు ఉండే రూపంలోకి, మార్చండి. "కై"లో ఐత్వం ఒక్క గుర్తుగానూ రావొచ్చు, రెండు ముక్కలుగానూ రావొచ్చు, ఈ మార్పుతో రెండూ ఒకటవుతాయి. తర్వాత 200సీ, 200డీ, ఖాళీలు తీసేయండి. ఆపైన ఒత్తక్షరాలను మామూలు అక్షరాలు చేయండి: ధ ను ద, భ ను బ, ఇలా. అప్పుడు "నందివర్ధనం", "నందివర్దనం", "నంది వర్ధనం" మూడూ ఒక్క మొక్క దగ్గరికే చేరతాయి. కస్టమర్ కొట్టిన మాటకూ ఇవే మార్పులు చేసి పోల్చాలి.

మూడో గడి మారుపేర్లకు. సంపెంగ అనేవారున్నారు, సంపంగి అనేవారున్నారు. చాలామంది తెలుగు మాటనే ఇంగ్లీషు అక్షరాలతో కొడతారు. మందారానికి 'డి' ఒక్కటే రాసేవారు కొందరు, 'డి' పక్కన 'హెచ్' చేర్చేవారు కొందరు. ఈ రూపాలను ఊహించి రాయకండి. దొరకలేదన్న వెతుకులాటలన్నీ ఒక ఫైలులో పడేలా చేసి, వారానికోసారి చూసి చేర్చుకుంటూ పోండి. రెండు నెలల్లో పట్టిక గట్టిపడుతుంది.

ఫొటోలు, వాట్సాప్, వరద రోజులు

ఆకుల ఫొటో కుదించడానికి మొండిది. గోడో ఆకాశమో అయితే నున్నగా ఉండి చిన్నదవుతుంది. ఆకుల అంచులు, ఈనెలు వేలకొద్దీ సన్న గీతలు కాబట్టి అదే నాణ్యతలో ఫైలు చాలా పెద్దదవుతుంది. 480, 800, 1200 పిక్సెల్స్ వెడల్పుల్లో, తేలిక ఫైలు రకమైన వెబ్‌పీగా చేసి, నాణ్యత 75తో మొదలుపెట్టి, కార్డులో చూపే బొమ్మకు 65 దాకా దించండి. మొక్క వెనక ఒక తెల్ల గుడ్డ కట్టి ఫొటో తీయమని నర్సరీవారికి చెప్పండి, ఫైలూ తగ్గుతుంది, మొక్కా తేలుతుంది. ఫొటోను వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపమనండి, మామూలుగా పంపితే అది ముందే నలిగి వస్తుంది. ప్రతి బొమ్మకూ వెడల్పు, ఎత్తు రాయండి. లేకపోతే బొమ్మలు దిగేకొద్దీ పేజీ కిందకు జరిగి, మామిడి అంటు మీద పెట్టిన వేలు జామ మీద పడుతుంది.

వాట్సాప్ లింకులో నంబరు 91తో మొదలై, ఆ తర్వాత పది అంకెలు ఉండాలి, ప్లస్ గుర్తు, ముందు సున్నా ఉండకూడదు. ముందే నింపి పంపే సందేశాన్ని ఎన్‌కోడ్ చేస్తే ఒక్కో తెలుగు గుర్తు 9 గుర్తులవుతుంది, అందుకే మొక్క పేరు, కోడు చాలు. పేజీ అడ్రసులో తెలుగు పెట్టకపోవడమే మంచిదనడానికి కూడా కారణం ఇదే. లింకు కాపీ చేసి పంపితే గజం పొడవు శాతం గుర్తులు కనబడి, జనం మోసం లింకేమోనని భయపడతారు.

వరద నెలల్లో సైటు నెత్తిన ఒక ప్రకటన పట్టీ కావాలి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. లంకలకు డెలివరీ ఆపితే ఆ మాట బొమ్మగా కాకుండా అక్షరాలుగా, తేదీ, గంటతో సహా పెట్టండి. స్క్రిప్టు దిగితేనే కనబడేలా కాక పేజీలోనే ఉండాలి. అంకెకూ "అడుగులు" అన్న మాటకూ మధ్య విడిపోని ఖాళీ పెట్టండి, అంకె ఒక వరసలో, అడుగులు ఇంకో వరసలో పడకుండా.

చివరి పరీక్ష

తెలుగు అక్షరం కూర్చడం సాఫ్ట్‌వేర్‌కు తేలిక పని కాదు. 2018 ఫిబ్రవరిలో జ్ఞా అక్షరం మధ్య 200సీ పడిన ఒక కూర్పు వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలేవి, ఐఓఎస్ 11.2.6తో సరిచేశారు. కాబట్టి కంప్యూటర్లో చూసి సరేననుకోకండి. ఈ వరసను ప్రతి శీర్షికలో, ప్రతి బటన్‌లో, ప్రతి కార్డులో ఒకసారి అతికించి చూడండి: "అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి, ర్యాలి జగన్మోహిని, ద్రాక్షారామం, ధవళేశ్వరం, ముమ్మిడివరం, రాష్ట్రం, స్త్రీ, జ్ఞానం". తర్వాత పేజీకి లాంగ్ (పేజీ ఏ భాషలో ఉందో చెప్పేది) విలువ టీ, ఈ అని ఉందో లేదో చూసి, టాక్‌బ్యాక్ (తెర మీదిది పైకి చదివే ఆండ్రాయిడ్ సదుపాయం) పెట్టి చదివించండి. ఆ లాంగ్ విలువ లేకపోతే తెలుగును ఇంగ్లీషు గొంతు చదవబోయి మధ్యలో వదిలేస్తుంది. ఆఖరున ఫోను సెట్టింగ్స్‌లో అక్షరాల సైజు పెద్దది చేసి, మధ్యాహ్నం ఎండలో, నర్సరీ గట్టు మీద నిలబడి ఒక ఆర్డర్ మొదటి నుంచి చివరి దాకా పెట్టి చూడండి.