విమానం ఎక్కే ముందు ఫోను కాదు, నంబరు చూసుకోండి

జూలై, ఆగస్టు వచ్చిందంటే నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర మా రిపేరు షాపుకు ఊళ్ల నుంచి రాక మొదలవుతుంది. అమెరికాలో ఎమ్మెస్ సీటు వచ్చిన పిల్లలు, వాళ్ల వెనక తల్లిదండ్రులు, దుబాయికో ఖతార్‌కో పోతున్న దేవరకొండ వైపు తమ్ముళ్లు. అందరిదీ ఒకటే ప్రశ్న: "అన్నా, ఈ ఫోను అక్కడ పనిచేస్తదా?" అది పది నిమిషాల్లో తేలిపోయే సంగతి. పనిచేయకపోతే అక్కడ ఇంకోటి కొనుక్కోవచ్చు. మీ పది అంకెల నంబరు పోతే మాత్రం కొనుక్కోలేరు. బ్యాంకు, ఆధార్, పీఎఫ్, డిజిలాకర్, అన్నిటి తాళంచెవీ అదే.

నకిరేకల్ దగ్గరి పల్లె నుంచి ఒకమ్మ వచ్చింది. కొంగు ముడి విప్పి బ్యాంకు పాసుబుక్కు తీసింది. చివరి అట్టకు సెల్లోటేపుతో అంటించిన సిమ్ము. "పోగొట్టుకుంటనేమోనని పిలగాడు ఇంట్లనే పెట్టి పోయిండు సారూ. ఇప్పుడు దీనికేదో నంబరు వస్తదట, చూసి చెప్పాలెనట" అంది. టేపు మెల్లగా ఒలిచి, సిమ్ము తుడిచి నా ఫోన్లో వేశాను. సిగ్నల్ లేదు. రీచార్జి ఎప్పుడు చేశారంటే, పోయిన కాణ్నుంచి చేయలేదు, ఏడు నెలలైంది అంది. ఆ నంబరుకు రింగ్ ఇస్తే ఎవరో హిందీలో మాట్లాడారు. నంబరు అప్పటికే వేరే మనిషికి పోయింది. డాలస్‌లో ఉన్న ఆ పిల్లగాడు తన ఖాతాలోని డబ్బు తానే తీయలేని స్థితి. భద్రంగా దాచామనుకున్న ఆ తల్లికి ఈ మాట చెప్పడం నాకు చాలా కష్టమైంది.

అందుకే చెబుతున్నా, సిమ్ము ఇంట్లో దాస్తే నంబరు నిలవదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నియమం ప్రకారం ప్రీపెయిడ్ నంబరు 90 రోజులు వాడకుండా ఉండి, ఖాతాలో 20 రూపాయలు కూడా లేకపోతే కంపెనీ దాన్ని రద్దు చేయొచ్చు. అంతకంటే ముందే, ప్లాన్ గడువు దాటిన కొద్ది రోజులకే ఓటీపీలు ఆగిపోతాయి. డేటా లేకుండా కాల్స్, ఎస్ఎంఎస్‌లే ఉండే ఏడాది ప్లాన్లు ఇప్పుడు దొరుకుతున్నాయి. పోయే వారంలో అది వేయించండి. గడువు తేదీని ఇంట్లో క్యాలెండర్ మీద రాసిపెట్టి, రీచార్జి పని తమ్ముడికో చెల్లెకో అప్పజెప్పండి.

రీచార్జి కంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటుంది. సిమ్ము ఎవరి పేరు మీద ఉంది? మన దిక్కు ఇంటర్‌లో ఉన్నప్పుడు నాయన పేరు మీదో మేనమామ పేరు మీదో తీసుకున్న సిమ్మే ఇప్పటికీ నడుస్తుంటుంది. విదేశంలో అది పాడైతే, కొత్త సిమ్ము కావాలంటే ఎవరి పేరు ఉంటే ఆ మనిషే ఆధార్‌తో షాపుకు పోవాలి. మీ పేరు మీద ఏయే నంబర్లున్నాయో కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో కనిపిస్తాయి. మీది అందులో లేకపోతే పేరు మార్పిడి చేయించండి. దీనికి కనీసం నెల ముందే కదలండి. సిమ్ము మార్చిన తర్వాత 24 గంటలు ఎస్ఎంఎస్‌లు ఆగుతాయి కాబట్టి, ప్రయాణం రేపనగా మాత్రం సిమ్ము జోలికి పోవద్దు.

ఇక ఆ సిమ్ము మీతోనే రావాలి. అమ్మ ఫోన్లో వేసి పోతే ఏమవుతుందో చూడండి. ఎండాకాలంలో టెక్సాస్‌లో మధ్యాహ్నం మూడైతే ఇక్కడ రాత్రి ఒకటిన్నర. నిద్రలేపి "అమ్మా, నంబరు చెప్పు" అంటే పాపం ఆమె అద్దాలు వెతుక్కునేలోపు ఓటీపీ గడువు దాటిపోతుంది. ఇంకో ప్రమాదం దీనికంటే పెద్దది. ఫోన్లో ఓటీపీ చదివి చెప్పడం ఆమెకు అలవాటైపోతుంది. రేపు మోసగాడు అడిగినా అలాగే చదువుతుంది.

సిమ్ము వెంట ఉన్నా అక్కడ ఎస్ఎంఎస్ రావాలంటే సిమ్ము కంపెనీ యాప్‌లో ఇంటర్నేషనల్ రోమింగ్, అంటే విదేశంలోనూ మన సిమ్ము పనిచేసే సదుపాయం, ఆన్ అయి ఉండాలి. ఇది ఇక్కడ ఉన్నప్పుడే చేసుకోండి. ఫోన్ సెట్టింగుల్లో ఉండే డేటా రోమింగ్ వేరు, అది విదేశంలో ఆ సిమ్ముతో ఇంటర్నెట్ వాడడానికి, దాన్ని ఇండియా సిమ్ముకు ఆఫ్‌లోనే ఉంచాలి. ఈ రెంటినీ ఒకటే అనుకొని రెండూ ఆపేసి ఓటీపీలు పోగొట్టుకున్నవాళ్లున్నారు, రెండూ ఆన్ పెట్టి వేలల్లో బిల్లు తెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. ఒక సిమ్ము సిగ్నల్ తగ్గితే రెండో సిమ్ము డేటా వాడుకునే ఆటో స్విచ్ కూడా ఆపేయండి. రోమింగ్‌లో వచ్చే ఎస్ఎంఎస్‌కు చాలా ప్లాన్లలో పైసా పడదు, కాల్ ఎత్తితే పడుతుంది. ఇంట్లోవాళ్లకు వాట్సాప్‌కే చేయమని చెప్పండి.

ఈ-సిమ్, అంటే చేత్తో తీసే వీల్లేకుండా ఫోన్లోనే ఉండే సిమ్ము గురించి నా సలహా ఇది. ఇండియా నంబరును ప్లాస్టిక్ సిమ్ముగానే ఉంచుకోండి, అక్కడి నంబరును ఈ-సిమ్‌గా తీసుకోండి. ఫోను కింద పడి పగిలినా ప్లాస్టిక్ సిమ్ము తీసి పక్క రూమ్మేటు ఫోన్లో వేసుకోవచ్చు. ఇండియా ఈ-సిమ్ ఉన్న ఫోను పగిలితే అక్కడి నుంచి దాన్ని తిరిగి తెచ్చుకోవడం పెద్ద తిప్పలు. అయితే అమెరికాలో అమ్మే ఐఫోన్ 14, ఆ తర్వాతి మోడళ్లలో సిమ్ము పెట్టే ట్రే ఉండదు. అక్కడ పోయి ఐఫోన్ కొనాలనుకున్నా, ఇండియా సిమ్ము కోసం పాత ఫోను పారేయకండి.

ఇప్పుడు ఫోను మాట. గల్ఫ్‌కు పోయేవాళ్లకు ఇక్కడి 4జీ ఫోన్లతో పెద్దగా ఇబ్బంది ఉండదు. అమెరికాలో 3జీ నెట్‌వర్కులను 2022లోనే మూసేశారు. కాల్ మాట్లాడాలంటే అక్కడి కంపెనీ మీ మోడల్‌కు వోల్టీ (4జీ మీదే కాల్ మాట్లాడే సదుపాయం) ఇవ్వాలి. అక్కడి కంపెనీ ఏటీ అండ్ టీ తన జాబితాలోని మోడళ్లనే ఒప్పుకుంటుంది. మన బజారులో ఎక్కువగా అమ్ముడయ్యే చాలా ఫోన్లు అందులో లేవు. సెట్టింగుల్లో 'అబౌట్ ఫోన్' తెరిచి అసలు మోడల్ నంబరు రాసుకోండి. *#06# కొడితే వచ్చే 15 అంకెల ఐఎంఈఐ, అంటే ఆ ఫోను గుర్తింపు నంబరు కూడా రాసుకోండి. అక్కడి కంపెనీల వెబ్‌సైట్లలో ఆ ఐఎంఈఐ వేస్తే పనిచేస్తుందో లేదో చెప్పేస్తాయి. సెకండ్‌హ్యాండ్ ఫోను కొనుక్కొని పోదామనుకుంటే, డబ్బులివ్వకముందే కేవైఎం అని ఇంగ్లీషులో కొట్టి, ఖాళీ వదిలి ఐఎంఈఐ రాసి 14422కు ఎస్ఎంఎస్ పంపండి. దొంగ ఫోనని బ్లాక్ చేసి ఉంటే తెలిసిపోతుంది.

కాంటాక్టుల్లో నంబర్ల ముందు +91 ఉందో లేదో చూడండి. చిన్న విషయమే కానీ, దిగీదిగగానే ఇంటికి ఫోన్ కలవక ఎయిర్‌పోర్టులో కంగారుపడేది ఇందుకే. నాయన, అన్న, మేనమామ, బ్యాంకు మేనేజరు, కన్సల్టెన్సీ వాళ్ల నంబర్లు ముందు సరిచేయండి. కాగితం మీద కూడా రాసి పాస్‌పోర్టు కవరులో పెట్టండి.

ఓటీపీ రాకపోయినా లాగిన్ కావడానికి గూగుల్ ఖాతాలో బ్యాకప్ కోడ్‌లు ఉంటాయి, ఒక్కోటి ఎనిమిది అంకెలు, మొత్తం పది. అవి ప్రింటు తీసుకోండి. వాట్సాప్‌లో టూ-స్టెప్ పిన్ పెట్టి ఈమెయిల్ జతచేయండి. అది లేకుంటే రేపు నంబరు వేరేవాళ్లకు పోయిననాడు మీ వాట్సాప్ కూడా వాళ్లకే పోతుంది. ప్లే స్టోర్ దేశం మార్చమని అడిగితే తొందరపడొద్దు. మారిస్తే మళ్లీ ఏడాది దాకా మార్చలేరు, కొన్ని ఇండియా యాప్‌లు దొరకకపోవచ్చు.

ఎన్ఆర్ఐ అయ్యాక పాత సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓగా, అంటే విదేశంలో ఉండేవాళ్లు ఇక్కడి డబ్బు పెట్టుకునే ఖాతాగా మార్చాలి. విదేశీ నంబరుతో యూపీఐ వాడుకునేందుకు, యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ 2023లో పది దేశాలకు అనుమతి ఇచ్చింది. అందులో అమెరికా, యూఏఈ, సౌదీ, ఖతార్, ఒమన్ ఉన్నాయి. కువైట్, బహ్రెయిన్ ఆ మొదటి జాబితాలో లేవు. అక్కడికి పోయేవాళ్లు ఇండియా నంబరును ఇంకా గట్టిగా పట్టుకోవాలి.

దుబాయికి పోయే తమ్ముళ్లకు ఒక మాట. అక్కడ వాట్సాప్‌లో మెసేజ్ పోతుంది, కాల్ పోదు. బోటిమ్ లాంటి అనుమతి ఉన్న యాప్ వాడాలి, ఇంట్లోవాళ్ల ఫోన్లో కూడా ముందే వేసిపెట్టండి. ఎవరో చెప్పారని వీపీఎన్ (ఎక్కడి నుంచి నెట్ వాడుతున్నామో దాచే యాప్) వేసుకోవద్దు. వీపీఎన్‌తో నేరానికి పాల్పడ్డారని తేలితే అక్కడి చట్టం ప్రకారం జైలు గానీ, 5 లక్షల దిర్హమ్‌ల నుంచి జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. అనుమతి లేకుండా మనుషుల ఫొటో, వీడియో తీసినా కేసే. రోడ్డు మీద యాక్సిడెంట్ కనబడగానే మనకు చేయి ఫోను మీదికి పోతుంది, ఆ అలవాటు ఇక్కడే మానుకోండి. కష్టమొస్తే దుబాయిలోని ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్‌ఫ్రీ నంబరు 800 46342, ఇప్పుడే సేవ్ చేసుకోండి.

చార్జర్ మీద చిన్న అక్షరాల్లో 100-240వి అని ఉంటే ఏ దేశంలోనైనా వాడొచ్చు. పిన్ను మాత్రం మారుతుంది. గల్ఫ్‌లో మూడు చదును పిన్నులు, అమెరికాలో రెండు చదును పిన్నులు. అడాప్టర్ ఇక్కడే తీసుకోండి. పవర్‌బ్యాంకు చేతిసంచిలో పెట్టుకోవాలి. పెద్ద పెట్టెలో వేస్తే శంషాబాద్‌లో పెట్టె విప్పించి తీయిస్తారు. సిమ్ము ట్రే తీసే పిన్ను కూడా ఆ చేతిసంచిలోనే వేసుకోండి.